బుడమేటి బురదలో మునిగిన కారు, వదలని వాసన

విజయవాడ ఆటోనగర్‌లో నేను కార్ల రిపేరు పనిలో దిగి ఇరవై మూడేళ్ళయింది. గ్రీజు, నల్లబడిన ఆయిల్, గోళ్ళ సందుల్లో ఇరుక్కుని సబ్బుకు కూడా వదలని మసి మాకు మామూలే, వాటిని మురికి అని మేము అనుకోము. మా షెడ్డులో "పాడు పని" అనే మాటను వేరే పనులకు వాడతాము. కైకలూరు, భీమవరం వైపు నుంచి చేపలూ రొయ్యలూ తెచ్చే వ్యాన్లకు బ్రేకు పైపులు మార్చడం అలాంటి పని. ఐసు కరిగిన నీళ్ళు చేపల నీసుతో కలిసి పెట్టె అడుగు నుంచి ఛాసిస్ మీదికి రోజూ కారుతూ ఉంటాయి కనుక ఇనుప పైపులు పొరలు పొరలుగా తుప్పు లేచిపోతాయి. వాటిని విప్పడానికి బండి కింద వెల్లకిలా పడుకుంటే ఆ నీళ్ళు నుదుటి మీదా కళ్ళ మూలల్లోనూ చుక్కలు చుక్కలుగా పడతాయి. ఇంటికి వెళ్ళి రెండుసార్లు స్నానం చేసినా, అన్నం ముద్ద నోటి దాకా వచ్చేసరికి ఆ నీసు మళ్ళీ ముక్కుకు తగులుతుంది.

ప్రమాదంలో మనుషులు గాయపడిన కారు లోపల సీట్లు విప్పి కడిగే పని ఇంకొక రకం. ఆ పని నేను కుర్రాళ్ళకు అప్పగించను, నేనే చేస్తాను, అది అయ్యేదాకా షెడ్డులో పాటలు కూడా పెట్టనివ్వను. ఒకసారి అలాంటి కారులో వెనక సీటు కింద చిన్నపిల్ల కాలి పట్టీ ఒకటి దొరికితే, దాన్ని కడిగి కాగితంలో చుట్టి ఆ ఇంటివాళ్ళ చేతికి ఇచ్చాను. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఇలాంటివి ఎన్ని చేసినా, 2024 సెప్టెంబరులో వచ్చిన పని లాంటిది అంతకు ముందు నా చేతి మీదుగా పోలేదు. ఆగస్టు 31న మొదలైన వానకు కొల్లేటి సరస్సుకు పోవలసిన బుడమేరు వాగు కట్టలు తెగి ఊరి మీద పడింది. సెప్టెంబరు 1, ఆదివారం నాటికి అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ అన్నీ నీళ్ళలో ఉన్నాయి. ఆ మరునాడే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. బుడమేటికి పడిన మూడు గండ్లను పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది. మనుషులు మేడల మీద అన్నం పొట్లాల కోసం ఎదురుచూస్తున్న ఆ వారంలో ఇళ్ళ ముందు నిలిపిన వేల బళ్ళు నీళ్ళ కిందే ఉండిపోయాయి.

సింగ్‌నగర్‌లో ఉండే రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఎనిమిదేళ్ళుగా నా దగ్గరే కారు చేయించుకుంటారు. అది 2015 మోడల్ డీజిల్ కారు. రెండో రోజు సాయంత్రం ఆయన ఫోన్ చేసి, "బాబూ, మేము మేడ మీద క్షేమంగానే ఉన్నాం, కారుకు కప్పు మాత్రమే కనిపిస్తోంది, నీళ్ళు తీశాక ఏం చేయమంటావు?" అని అడిగారు. "మాస్టారూ, తాళం చెవి మీ జేబులోనే ఉంచండి, ఎవరడిగినా ఇవ్వకండి. లైటు వెలుగుతుందేమో చూద్దామని కూడా తాళం తిప్పవద్దు. నీళ్ళు తగ్గగానే బ్యాటరీ నెగటివ్ వైరు మాత్రం విప్పించండి, మిగతాది నేను చూసుకుంటాను" అని చెప్పాను.

ఆ మాట ఎందుకు అంత గట్టిగా చెప్పానో చెప్పాలి. ఇంజిన్ సిలిండర్‌లో పిస్టన్ పైకి వచ్చేటప్పుడు గాలిని నొక్కుతుంది, గాలి నొక్కితే నలుగుతుంది. నీళ్ళు నలగవు. సిలిండర్‌లో నీళ్ళుండగా సెల్ఫ్ కొడితే పిస్టన్ ఆ నీళ్ళకు గుద్దుకుంటుంది, ఆ దెబ్బకు కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, ఒక్కోసారి విరిగి ఇంజిన్ దిమ్మెను చీల్చుకుని బయటికి వస్తుంది. మాస్టారి కారు వచ్చిన రోజే మా షెడ్డుకు ఇంకో కుర్రాడి కారు వచ్చింది. అతని కారులో నీళ్ళు సీటు ఎత్తు దాకానే వచ్చాయి, బండికి పూర్తి బీమా కూడా ఉంది. కానీ నీళ్ళు తగ్గగానే "స్టార్ట్ అవుతుందేమో" అని నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టాడు. మేము ఛాంబరు విప్పి చూస్తే మూడో రాడ్డు వంగి ఉంది. ఇంజిన్ రక్షణకు వేరుగా కట్టే అదనపు బీమా అతను తీసుకోలేదు, అందువల్ల ఇంజిన్ ఖర్చు బీమాలోకి రాదన్నారు. సీట్లకూ వైరింగుకూ బీమావాళ్ళు డబ్బిచ్చారు, అన్నిటికంటే పెద్ద ఖర్చు మాత్రం అతని నెత్తిన పడింది. ఆ నాలుగు సెకన్ల పనికి అతను పడిన బాధ చూసిన తరువాత, వాన పడుతున్న ప్రతిసారీ నా ఫోన్‌లో ఉన్న ఖాతాదారులందరికీ తాళం తిప్పవద్దని నేనే ముందుగా కబురు పెడుతున్నాను.

మాస్టారి పరిస్థితి వేరు. పాత బండి కదా అని ఆయన థర్డ్ పార్టీ బీమా మాత్రమే కట్టుకున్నారు, అది ఎదుటివాళ్ళకు జరిగిన నష్టానికే తప్ప మన బండి మునిగితే పనికి రాదు. పూర్తి బీమా ఉన్నవాళ్ళకు, రిపేరు ఖర్చు బండికి కట్టిన విలువలో 75 శాతం దాటితే, బండి పూర్తిగా పోయినట్టు లెక్కగట్టి డబ్బు ఇస్తారు, ఆయనకు ఆ దారి లేదు. ఆ బండి బాగుపడితేనే ఆయనకు బండి ఉన్నట్టు.

సెప్టెంబరు 10న టోయింగ్ బండి మీద దాన్ని తెచ్చారు. తెల్ల కారు మట్టి రంగులో ఉంది, అద్దాల మీద నీళ్ళు దిగుతూ దిగుతూ వదిలిన గీతలు ఒకదాని కింద ఒకటి వరుసగా ఉన్నాయి. మేము నలుగురమూ గమ్‌బూట్లూ రబ్బరు గ్లౌజులూ వేసుకున్నాము. ఎలుకల మూత్రం కలిసిన వరద నీళ్ళతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుందని వైద్య శిబిరంలో డాక్టరు గారు చెప్పి మందు రాసిచ్చారు, కాలి మీద చిన్న గీత ఉన్నా ఆ బురద తగలనివ్వవద్దన్నారు. ఇది నేను మా కుర్రాళ్ళ దగ్గర పంతం పట్టి పాటించాను, ఎందుకంటే పని కోసం వచ్చిన పిల్లవాడు జ్వరంతో ఇంటికి పోతే వాళ్ళమ్మకు నేను ఏం చెప్పాలి?

డ్రైవర్ వైపు తలుపు తీయగానే గడప ఎత్తున నిలిచిన నీళ్ళు మా బూట్ల మీదికి దొర్లాయి, వాటితోపాటు వాసన వచ్చింది. అది ఉత్త బురద వాసన కాదు. మురుగు కలిసిన మట్టి గాలి తగలకుండా వారం పాటు కారు లోపల మాగితే కుళ్ళిన కోడిగుడ్డు కంపు పుడుతుంది, అది గొంతులో కూర్చుంటుంది. మా చిన్నోడు వెనక్కి తిరిగి కాలవ దాకా వెళ్ళి వాంతి చేసుకుని, ముఖం కడుక్కుని, ఏమీ మాట్లాడకుండా మళ్ళీ వచ్చి తలుపు పట్టుకున్నాడు. బానెట్ తీస్తే ఎయిర్ క్లీనర్ డబ్బా పక్కన నీళ్ళపాము ఒకటి చుట్ట చుట్టుకుని ఉంది, దానికి విషం ఉండదని తెలుసు కనుక కర్రతో ఎత్తి కాలవలో వదిలాము. డ్యాష్ బోర్డు మీద అతికించి ఉన్న చిన్న దుర్గమ్మ విగ్రహాన్ని మాత్రం నేను ముందే తీసి, కడిగి, గూట్లో పెట్టాను.

మొదట ఇంజిన్ చూశాము. ఆయిల్ గేజు తీస్తే ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంది, అంటే నీళ్ళు లోపలికి చేరాయి. నాలుగు హీటర్ ప్లగ్గులూ విప్పి, ఆ రంధ్రాల మీద గుడ్డ కప్పి, క్రాంక్ పుల్లీకి సాకెట్టు వేసి చేత్తో మెల్లగా తిప్పాను. సగం చుట్టు తిరిగి బిగుసుకుంది. బలం పెట్టకుండా డీజిల్ పోసి ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు తిప్పితే రెండో సిలిండర్‌లోంచి గోధుమ రంగు నీళ్ళు గుడ్డను తోసుకుని చిమ్మాయి. వాల్వు తెరిచి ఉన్న సిలిండర్ అదే కాబట్టి అందులోనే నిండా చేరాయి. హెడ్ దించి చూశాము. రెండో బోరులో పిస్టన్ ఆగిన ఎత్తున సన్నటి తుప్పు రింగు ఉంది, గోరుతో రాస్తే చేతికి తగిలింది కానీ లోతుగా తినలేదు. పది రోజుల్లో అంతే అయిందంటే అదృష్టం. బోరును మెషిన్ షాపులో సాఫు చేయించి, రింగులూ బేరింగులూ కొత్తవి వేశాము. ఆయిల్ ఛాంబరు అడుగున పెరుగు మీగడలాగా పేరుకున్న ఒండును చేత్తో ఎత్తి తీశాను. క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోయింది, హ్యాండ్ బ్రేకు షూలు డ్రమ్ములకు పట్టేశాయి, సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ విప్పితే రెండిటిలోనూ ఒండు ఉంది. గేరు ఆయిల్, బ్రేకు ఆయిల్ మార్చాము. వీటిలో ఏదీ మాకు కొత్త పని కాదు.

కొత్త పని, నిజంగా పాడు పని, లోపలి భాగం. బ్యాటరీ విప్పి చాలాసేపు అయిందని రూఢి చేసుకున్న తరువాతే సీట్ల కింద పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ కప్లర్లను, అంటే వైర్లను కలిపే ప్లగ్గులను, విడదీశాము, ఆ తొందర ఎవరూ పడకూడదు. సీట్ల బోల్టులు తీసి, గేరు పక్కన ఉండే పెట్టె విప్పి, తివాచీని ఒక మూల పట్టి లేపబోతే లేవలేదు. నీళ్ళు పీల్చిన తివాచీని ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టి, శవాన్ని ఎత్తినట్టు ఎత్తవలసి వచ్చింది. దాని కింద చప్పుడు రాకుండా వేసే జనుము పట్టీ ముద్దయిపోయి చేతిలోనే విడిపోయింది. ఆ పట్టీ కింద రేకు మీద ఒక వేలు మందాన నల్లటి ఒండు, దానిలో నానుతూ బండి ముందు నుంచి వెనక్కి పోయే వైరింగు కట్ట. ఈ చోటును చూడకుండా పైన తివాచీని మాత్రమే కడిగి, ఎండబెట్టి, సెంటు కొట్టి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. అలా ఇచ్చిన బండి మూడు నెలలకు వాసన వస్తుంది, ఆరు నెలలకు వైరింగు చస్తుంది, ఏడాదికి రేకు చిల్లు పడుతుంది.

నేల రేకుకు ఉండే రబ్బరు బిళ్ళలన్నీ ఊడదీసి, మామూలు పైపు నీళ్ళతో ఒండును ఆ రంధ్రాల గుండా కిందికి జార్చాము. వాటర్ సర్వీసింగు మెషిన్ వాడితే పని గంటలో అయ్యేది, కానీ ఆ జోరుకు నీళ్ళు కప్లర్ల లోపలికి దూరతాయి. తరువాత ఒక్కొక్క కప్లరూ విడదీసి, పాత టూత్‌బ్రష్‌తోనూ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతోనూ తోమాము. రాగి పిన్నుల మీద పచ్చటి చిలుము అప్పటికే పట్టింది. నేనూ చిన్నోడూ నాలుగు రోజులు ఆ కారు నేల మీద మోకాళ్ళ మీదే కూర్చుని అరవైకి పైగా కప్లర్లు తోమాము. లైట్లూ తలుపు తాళాలూ నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె ఒకటి పూర్తిగా చనిపోయింది, దానికి మారుది వేయించి, ఆ పనే చేసే మనిషి దగ్గర బండికి సరిపడేలా ప్రోగ్రామ్ చేయించాను. సీటు ఫోములు పిండి, మేడ మీద ఎండలో రోజూ తిరగేశాము. జనుము పట్టీ మొత్తం పారేసి కొత్తది పరిచాము.

అక్టోబరు 4న బండి ఇచ్చాను. సామానుకూ మెషిన్ షాపుకూ కలిపి డెబ్బై ఎనిమిది వేలయింది, నా కూలి పద్దెనిమిది వేలు తీసుకున్నాను. దసరా ఉత్సవాలు మొదలై రెండో రోజు. మాస్టారు విగ్రహాన్ని మళ్ళీ డ్యాష్ బోర్డు మీద పెట్టుకుని, అమ్మగారిని తీసుకుని కొండకు వెళ్ళివస్తామని చెప్పి బయలుదేరారు.

పన్నెండు రోజులకు ఆయన తిరిగి వచ్చారు. కోపం లేదు, మొహమాటంగా ఉంది. "బాబూ, బండి బాగా నడుస్తోంది. అయితే ఏసీ వేసుకుంటే వాసన వస్తోంది. మా ఆవిడ కూర్చోలేకపోతోంది" అన్నారు. నేను ఎక్కి కూర్చుని అద్దాలు మూశాను. బండి ఆపి ఉన్నప్పుడు ఏమీ లేదు. బ్లోయర్ ముఖం వైపు పెడితే సన్నగా వచ్చింది. పాదాల వైపు తిప్పగానే ఆపుకోలేనంత వచ్చింది, అది బురద కంపు కాదు, ఏదో చచ్చిన వాసన. నేను కూలింగ్ కాయిల్‌ను బ్లోయర్ రంధ్రంలోంచే మందు కొట్టి కడిగాను కానీ అది ఉండే పెట్టెను విప్పలేదు. విప్పాలంటే గ్యాసు తీయాలి, కూలెంట్ దించాలి, స్టీరింగ్ విప్పి డ్యాష్ బోర్డు మొత్తం బయటికి రావాలి. రెండు రోజుల పని మిగులుతుందని మొదటిసారి దాన్ని వదిలేశాను. ఆ తప్పు నాది. ఆ పనికి కూలి తీసుకోనని మాస్టారికి అక్కడే చెప్పాను.

డ్యాష్ బోర్డు దించగానే దాని వెనక, ఇంజిన్‌కూ లోపలికీ మధ్య రేకుకు అంటించి ఉండే మందపాటి పట్టీ కనిపించింది. వేలు పెట్టి నొక్కితే నీళ్ళు ఊరాయి. వరద తగ్గి ఐదు వారాలు దాటింది, పైన అంతా పొడిగా ఉంది, అది మాత్రం ఇంకా తడిగానే ఉంది. "దొరికింది అన్నా, ఇదే" అన్నాడు చిన్నోడు. నాకు నమ్మకం కుదరలేదు, ఎందుకంటే ఆ పట్టీది మాగిన బురద వాసన, నేను పట్టుకున్నది వేరు. పెట్టెను రెండు సగాలుగా విడదీసి, పాదాల వైపు గాలి పోయే నల్ల ప్లాస్టిక్ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే అవతలి వెలుగు కనిపించలేదు. అందులో ఎలుక ఉంది. నీళ్ళు పెరుగుతుంటే పొడి చోటు వెతుక్కుంటూ అద్దం కింద గాలి పీల్చే జాలి దగ్గరి నుంచి దూరి, బ్లోయర్ దాటి, ఇంక పైకి పోయే దారి లేక అక్కడ చచ్చిపోయినట్టుంది. ఒళ్ళంతా ఒండు పట్టి, పైవైపు ఎండి, అడుగున తడిగా, గొట్టం ఏ వంపు తిరిగితే ఆ వంపులోనే గట్టిపడింది. తోక చివర మాత్రం శుభ్రంగా, సన్నగా బయటికి ఉంది. బయటికి లాగితే ముక్కలవుతుందని గొట్టాన్నే కోసి, దానితో సహా షెడ్డు వెనక గొయ్యి తీసి పూడ్చాము. మిగతా ప్లాస్టిక్ భాగాలను బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో నానబెట్టి ఎండబెట్టాము. కూలింగ్ కాయిల్ అల్యూమినియం కాబట్టి దానికి ఆ నీళ్ళు తగలనివ్వకుండా వేరుగా కడిగాము. ఎలుక దూరిన చోట సన్న ఇనుప జాలి బిగించాను.

వరద బళ్ళను పైపైన తుడిచి వేరే ఊళ్ళలో అమ్మేవాళ్ళు ఉన్నారు. పాత కారు కొనేవాళ్ళు అలాంటి బండి దగ్గర నన్ను తోడు తీసుకువెళ్ళినప్పుడు నేను ముందు సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తాను, చుట్టలో లోపలిగా ఉండే భాగానికి మట్టి గీత ఉంటే అది ఎవరూ కడిగి ఉండరు. తరువాత స్టెపినీ తీసి దాని గుంట అడుగున చేయి పెడతాను, సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు చూస్తాను, తివాచీ అంచు లేపి వేలితో రుద్దుతాను. కారులో సెంటు సీసాలు రెండు మూడు వేలాడుతుంటే మరీ జాగ్రత్తగా చూస్తాను.

అక్టోబరు 20న మాస్టారికి బండి రెండోసారి అప్పగించాను. ఇచ్చే ముందు రాత్రి అద్దాలు మూసి, బ్లోయర్ పాదాల వైపు పెట్టి, అరగంట నేనొక్కణ్ణే లోపల కూర్చున్నాను. కొత్త జనుము వాసన, కొత్త రబ్బరు వాసన తప్ప ఏమీ రాలేదు. ఇప్పటికీ ఆ కారు సర్వీసింగుకు వచ్చినప్పుడు బానెట్ తరువాత తీస్తాను. ముందు ఎడమ వైపు తలుపు తీసి, గ్లవ్ బాక్సు కింద వంగి, బ్లోయర్ మూత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాను. మాస్టారు పక్కన నిలబడి, నేను తల పైకెత్తేదాకా ఏమీ అడగరు.